దూకే కాలు

చొక్కా కొనడానికి వెళ్లి, నీలంది తీసుకోవాలా గళ్లది తీసుకోవాలా అని గంటసేపు తేల్చుకోలేక, చివరికి రెండూ అక్కడే వదిలేసి వట్టి చేతులతో ఇంటికొచ్చే మనుషుల్ని మీరు చూసే ఉంటారు. మన వ్యాయామం మాస్టారు వాళ్లందరికీ పెద్దన్న. సెలూన్‌లో కుర్చీ ఎక్కాక, మీసం ఉంచాలా తియ్యాలా అని అడిగితే ఇంటికి ఫోన్ చేసి భార్యను అడిగిన మనిషి. ఆమె ఉంచమంది, ఉంచాడు. ఆ తర్వాత వారం రోజులు అద్దంలో చూసుకుంటూ, తీసేస్తే బాగుండేదేమో అని నసిగాడు. పిల్లలు చాటున ఆయన్ని దూకుడు మాస్టారు అంటారు. లాంగ్ జంప్ నేర్పుతాడు కాబట్టి ఆ పేరు పెట్టారని ఆయన నమ్మకం. దూకుడన్నది మచ్చుకైనా లేని మనిషి కాబట్టి పెట్టారని తక్కిన అందరికీ తెలుసు.

ఇలాంటి మనిషికి ఒక్క సంగతిలో మాత్రం రెండో ఆలోచన ఉండేది కాదు. కొత్తగా చేరిన పిల్లను ఇసుక గుంట పక్కన నిలబెట్టి, పాదాలు రెండూ జతగా పెట్టి కళ్లు మూసుకోమనేవాడు. అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లి, వీపు మీద అరచేతులు ఆనించి ఒక్క తోపు తోసేవాడు. పడిపోకుండా ఆపుకోవడానికి ఆ పిల్ల ఏ కాలు ముందుకు వేస్తే అది దూకే కాలు. ఇక ఆ జన్మంతా పరుగెత్తుకొచ్చి ఆ కాలే బోర్డు మీద మోపి గాల్లోకి లేవాలి. "ఎడమ" అనో "కుడి" అనో గట్టిగా చెప్పి, పుస్తకంలో పేరు పక్కన రాసేసుకునేవాడు. అలా ఇరవై ఆరేళ్లలో ఎంతమంది వీపులు తోశాడో ఆయనకే లెక్కలేదు. ఆ తోపు తోసే క్షణంలో ఆయన మొహం చూడాలి. జడ్జీగారు కూడా తీర్పు చెప్పేటప్పుడు అంత నిబ్బరంగా ఉండరు.

ఆ విద్య ఆయన కనిపెట్టింది కాదు. పన్నెండేళ్ల వయసులో ఆయన్నీ ఒక గురువుగారు ఇలాగే వెనకనుంచి తోసి "ఎడమ" అన్నాడు. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా ఎడమ కాలి మీదే దూకాడు. వెళ్లిన ప్రతి పెద్ద పోటీలోనూ నాలుగో స్థానం వచ్చింది. పతకాలు మూడే ఇస్తారు. ఆయన భార్య, పక్క వీధి ఆసుపత్రిలో నర్సు, పెళ్లయిన కొత్తలో ఆ సర్టిఫికెట్లు చూసి, "పోనీలెండి, నిలకడగా ఉన్నారు" అంది. ఆమె రోజుకు వందమందికి సూది వేసే మనిషి. ఏ చెయ్యి, ఏ నరం అని మొగుణ్ణి అడగదు.

ఆ ఏడాది ఆయన ఆశలన్నీ ఒక పిల్ల మీద ఉన్నాయి. బక్కపల్చని ఒళ్లు, ఒంటికి మించిన కాళ్లు, కూర్చున్నచోట కుదురుగా కూర్చోదు. అందరూ మిడత అంటారు. ఆమె తల్లి బట్టలు కుట్టే కార్ఖానాలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేస్తుంది. రోజంతా ఆవిరిలో నిలబడి నిలబడి ఆవిడ కాళ్లు సాయంత్రానికి బరువెక్కిపోతాయి. వేసవి సెలవుల్లో ఇల్లు ఖాళీ చేసి అన్నగారి దగ్గరికి వెళ్లిపోవాలని ఆవిడ నిర్ణయం. అక్కడ మైదానమూ లేదు, ఇసుక గుంటా లేదు. స్కూలు వదలగానే పిల్ల మేనమామ బట్టల కొట్లో కూర్చోవాలి. అది తప్పాలంటే ఒకటే దారి. క్రీడా పాఠశాల సెలక్షన్‌లో మిడత అయిదు మీటర్లు దూకాలి. అయిదు దాటిన పిల్లకు వాళ్లే హాస్టలిచ్చి చదివిస్తారు. పద్నాలుగు నిండితే తీసుకోరు. మిడతకు పద్నాలుగు నిండడానికి రెండు నెలలే ఉంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. ఇప్పటిదాకా ఆమె దూకిన అతి పెద్ద దూకుడు నాలుగు మీటర్ల తొంభై మూడు.

"ఏడు సెంటీమీటర్లేగా, రాబడతానమ్మా" అని మాస్టారు తల్లికి మాటిచ్చేశాడు. ఆయన జీవితంలో మాటివ్వడం అరుదు. ఎందుకిచ్చానా అని ఆ రోజు నుంచే గుబులు పట్టుకుంది.

సెలక్షన్ ఇంకా పదకొండు రోజులుందనగా మిడతకు ఎడమ మడమ నొప్పి చేసింది. నర్సమ్మ వేలితో నొక్కి చూసి, ఎముకకేం కాలేదు, నాలుగు రోజులు ఆ కాలి మీద దూకితే మాత్రం ఊరుకోనని చెప్పింది. దాంతో మిడత రోజూ మైదానానికి వచ్చి, గట్టు మీద కూర్చుని, చిన్నపిల్లలు పరుగెత్తుతుంటే అడుగులు లెక్కపెట్టేది. రెండో రోజు సాయంత్రం ఇంటికి వెళ్లే వేళయింది. గేటు దగ్గర నీళ్ల పైపు కోసం కందకం తవ్వి, మట్టి అవతలి పక్క పోశారు. పెద్దవాళ్లు చెక్క మీదుగా దాటుతున్నారు. మిడత భుజానికి సంచి తగిలించుకుని, చెక్క సంగతే పట్టించుకోకుండా, అయిదడుగులు పరుగెత్తి గభాలున లేచింది. కందకం దాటింది. దాని అవతలి మట్టి కుప్ప కూడా దాటింది. కుప్పకు ఆవల మెత్తటి నేలలో రెండు మడమలూ దిగబడేలా పడి, సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

మాస్టారు ముందు తిడదామనుకున్నాడు. మడమ నొప్పితో ఆ గెంతులేమిటని నోరు తెరిచాడు కూడా. అప్పుడు తట్టింది, లేచింది కుడి కాలి మీద. జేబులో టేపు తీసి, కందకం ఒడ్డున ఆమె కుడి పాదం గుర్తు నుంచి అవతలి మడమ గుర్తు దాకా పట్టి చూశాడు. నాలుగు మీటర్ల నలభై. తప్పు చూశానేమోనని మళ్లీ పట్టాడు. అంతే వచ్చింది. అయిదే అయిదు అడుగుల పరుగుతో, మామూలు చెప్పులతో, పుస్తకాల సంచితో. మంచి బూట్లు వేసుకుని అయిదడుగుల పరుగుతో ఎడమ కాలి మీద ఆ పిల్ల ఎన్నడూ నాలుగు మీటర్లు దాటలేదు. గేటు కాపలా అతను, ఏం పోయింది సార్, వెతుకుతున్నారు అని అడిగాడు. మాస్టారు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో సామాన్ల గది తెరిచి, పాత శిక్షణ పుస్తకాలు దుమ్ము దులిపాడు. ఒక పుస్తకంలో, వెనకనుంచి తోసినప్పుడు ముందుకొచ్చే కాలే దూకే కాలు అని ఉంది. హమ్మయ్య అనుకున్నాడు. రెండో పుస్తకంలో, ముందుకొచ్చేది ఊపు కాలు, ఒంటి బరువంతా మోస్తూ వెనక నేలను పట్టుకుని ఉన్నదే దూకే కాలు అని ఉంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని మార్చి మార్చి చదివాడు. రెండింటికీ అట్టల మీద పెద్ద పెద్ద డిగ్రీలే ఉన్నాయి. మూడో పుస్తకం ఎలకలు కొట్టేశాయి. సరిగ్గా ఆ పేజీయే పోయింది. నిజమేదో ఆ ఎలకలకే తెలియాలి.

అక్కణ్ణుంచి ఆయనకు ఒక్క మడమ నొప్పి కాదు, వందల కాళ్ల నొప్పి మొదలైంది. తను తోసిన వీపులన్నీ గుర్తొచ్చాయి. బాగా దూకిన పిల్లలు ఉన్నారు, దూకలేక మానేసినవాళ్లూ ఉన్నారు. మానేసినవాళ్లకు కాలు తప్పు చెప్పానా? దూకినవాళ్లు తప్పు కాలితోనే దూకారా? చివరికి తన నాలుగో స్థానాల దాకా వచ్చి ఆగాడు. ఆ ఆలోచన పూర్తిగా ఆలోచించడానికి ధైర్యం చాలలేదు.

వంటింట్లోకి వెళ్లి భార్యకు చెప్పాడు. ఆమె కూర కలుపుతూ అంతా విని, గరిటె పక్కన పెట్టి, ఆయన గ్లాసు కోసం అటు తిరగగానే వెనకనుంచి ఒక్క తోపు తోసింది. కుడి కాలు ముందుకొచ్చింది. ఆయన తేరుకునేలోపు మళ్లీ తోసింది. ఈసారి ఎడమది వచ్చింది.

"మీ కాళ్లూ మీలాగే ఉన్నాయి" అంది. "ఇందాకటి నుంచి పుస్తకాలేమన్నాయో చెప్తున్నారు. ఆ పిల్లనడిగారా?"

"దానికేం తెలుస్తుందే, పసిది" అన్నాడాయన.

"కాలు దానిది కదండీ" అని ఆమె మళ్లీ గరిటె అందుకుంది. ఆసుపత్రికి వేళవుతోంది కాబట్టి ఆ మాట అంతటితో ఆగిపోయింది.

మాస్టారు జిల్లా జట్టును చూసే పెద్ద కోచ్‌కు ఫోన్ చేశాడు. పదిరోజుల్లో కాలు మారిస్తే పరుగు లెక్కంతా తప్పుతుంది, బోర్డు దాకా వేసే పద్నాలుగు అడుగుల కొలత మొదటి నుంచి కట్టుకోవాలి, నీకేమైనా మతిపోయిందా అని ఆయన కసిరాడు. సరేలే, ఎడమే ఉంచుదాం అని మాస్టారు గట్టిగా అనుకున్నాడు. మధ్యాహ్నం గేటు దగ్గరికెళ్లి, ఇంకా చెరగని ఆ మడమ గుర్తులు చూశాడు. మనసు మళ్లీ మారిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాలు మారిస్తే ఉన్న తొంభై మూడు కూడా పోవచ్చు, మార్చకపోతే తొంభై మూడు దగ్గరే ఆగిపోవచ్చు.

తొమ్మిది రోజులుండగా, మడమ తగ్గకముందే, కుడి కాలితో చిన్న పరుగు మీద దూకి చూడమన్నాడు. మిడత ఏమీ అడగలేదు. దూకింది. తేలిగ్గా, నవ్వొచ్చేంత తేలిగ్గా లేచింది. పరుగు పెంచమన్నాడు. పెంచేసరికి అడుగులు తడబడి బోర్డు దాటి కాలు పడింది. ఇది అయ్యే పని కాదని, మడమ తగ్గగానే ఎడమకు మార్చాడు. ఆ మర్నాడు మళ్లీ కుడి. బోర్డుకు దూరంగా, పరుగు మొదలుపెట్టే చోట గుర్తుకోసం కట్టిన గుడ్డపేలిక రోజుకోచోటికి జరిగేది. కాలు కాలిన పిల్లిలా ఆయన ఇసుక గుంట చుట్టూ తిరుగుతుంటే, చిన్నపిల్లలు ఇవాళ ఏ కాలు అని పందేలు వేసుకోవడం మొదలుపెట్టారు. మిడత మాత్రం చెప్పిన కాలితో చెప్పినట్టు దూకుతూ, మధ్యలో ఒకటి రెండుసార్లు ఆయన మొహంకేసి తేరిపార చూసింది. ఆ చూపేమిటో మాస్టారు అడగలేదు. నొప్పి అయి ఉంటుందనుకున్నాడు.

సెలక్షన్ రోజు రానే వచ్చింది. పెద్ద మైదానం, తెల్లగా జల్లించిన ఇసుక, జెండాలు పట్టుకుని ఇద్దరు, టేపు దగ్గర టోపీ పెట్టుకున్న ఒకావిడ. సెలక్షన్ చేసేది ఆవిడే. పిల్లకు మూడు దూకుళ్లు. మిడత తల్లి కార్ఖానాలో పూట సెలవు అడిగి వచ్చి, కంచె దగ్గర నిలబడింది. బస్సులో వస్తున్నంతసేపూ మాస్టారు నాలుగుసార్లు మనసు మార్చుకుని, దిగేటప్పుడు ఎడమ దగ్గర ఆగాడు. మిడత అలాగే సార్ అంది.

మొదటి దూకుడు ఎడమ కాలితో. తెల్లజెండా. నాలుగు మీటర్ల ఎనభై తొమ్మిది.

 ఎడమ ఇంతే, ఎంత దూకినా ఇంతే అని మాస్టారికి కళ్లకు కట్టినట్టు కనిపించింది. కంచె పక్కగా వెళ్లి మిడతను పిలిచి, కుడితో దూకమన్నాడు. ఆమె వెనక్కి వెళ్లి, గుడ్డపేలిక తీసి తనే అంచనాగా ఇంకోచోట పెట్టుకుని పరుగెత్తింది. లేవడం లేవడమే చుట్టూ ఉన్న పిల్లలు మాటలాపేశారు. ఇసుక చదును చేసే అతను రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆమె పడినచోటుకు అయిదు మీటర్ల గుర్తు వెనకబడిపోయింది. కానీ ఎర్రజెండా లేచింది. బోర్డు అవతల మైనపుపట్టీ మీద బూటు ముక్కు నాటుకుని ఉంది. బొటనవేలంత తేడా. దూకుడు చెల్లదు.

ఇక ఒక్కటే మిగిలింది. మళ్లీ తొక్కేస్తుందేమోనని భయం. పేలిక ఒక పాదం వెనక్కి జరపమని మాస్టారు సైగ చేశాడు. చేసిన మరుక్షణం అరపాదం చాలేమో అనిపించింది, సైగ మార్చుదామని చెయ్యెత్తాడు, అప్పటికే ఆమె పరుగందుకుంది. కుడి కాలు బోర్డుకు జానెడు ముందే నేలను తాకింది. ఎంత బాగా లేచిందో! గాల్లో ఆ పొడుగు కాళ్లు రెండూ ముందుకు చాచి, చేతులు వాటికి అందిస్తూ, ఇరవై ఆరేళ్లలో తన పిల్లల్లో ఎవరూ అలా లేవడం మాస్టారు చూడలేదు. తెల్లజెండా లేచింది. అయితే టేపు పట్టేది పాదం నుంచి కాదు, బోర్డు అంచు నుంచి. టోపీ ఆవిడ వంగి చూసి గట్టిగా చదివింది. నాలుగు మీటర్ల తొంభై ఆరు.

నాలుగు సెంటీమీటర్లు తక్కువ. పట్టుకోవడానికి చేతికి చిక్కనంత కొలత.

టోపీ ఆవిడ కాగితాలు సర్దుకుంటూ మాస్టారి దగ్గరికే వచ్చింది. ఈ పిల్ల కుడి కాలితో ఎన్నాళ్లుగా దూకుతోందని అడిగింది. తొమ్మిది రోజులు, అందులోనూ రోజు విడిచి రోజు, అని ఆయన నిజమే చెప్పాడు. ఆవిడ మళ్లీ కాగితం మీది అంకె చూసి, పాదం దగ్గర్నుంచి కొలిస్తే ఇది అయిదు దాటి చాలా దూరం పోయేది, పరుగు కుదిరి ఉంటే మేమే ఇంటికొచ్చి తీసుకెళ్లేవాళ్లం అంది. వచ్చే ఏడాది తీసుకురమ్మని చెప్పబోయి, పుట్టినతేదీ చూసి ఆగిపోయింది. నిబంధన నిబంధనే. ఆవిడ తరవాతి పిల్ల పేరు పిలవడానికి వెళ్లిపోయింది.

మాస్టారు మిడత తల్లి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఇందులో మీ పిల్ల తప్పేం లేదమ్మా, మూడేళ్ల కింద నేను కాలు తప్పు చెప్పాను, దాని దూకే కాలు కుడిదైతే ఎడమదన్నాను అని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండూ దాని కాళ్లేగా సార్, అందులో తప్పేముంది అంది. మూడేళ్లు ఎండనకా వాననకా నేర్పారు, మా రాత బాగోలేకపోతే మీరేం చేస్తారని ఆవిడే ఆయన్ని ఓదార్చింది. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాడు. ఆవిడ దణ్ణం పెట్టేసరికి తల ఎత్తలేకపోయాడు.

మిడత మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. మాస్టారు వెళ్లి పక్కన కూర్చున్నాడు. 

"నీ కాలు నేనే తప్పు చెప్పానమ్మా" అన్నాడు చివరికి.

"తెలుసు సార్."

ఎప్పుడు తెలిసింది, కందకం దూకిన రోజా అని అడిగాడు. కాదన్నట్టు ఆమె తలూపింది.

"చేరిన మొదటి నెల్లోనే. ఇంటి దగ్గర మెట్లు దూకినా, మురిక్కాలవ దూకినా కుడికాలే వచ్చేది. ఇక్కడికొస్తేనే ఆలోచించుకుని ఎడమది వేసేదాన్ని."

"మూడేళ్లు! మరి నాకు చెప్పలేదేం తల్లీ?"

మిడత బూట్లోని ఇసుక మెట్టు కిందికి వంపింది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు రెండో బూటు కూడా విప్పింది.

"మీకు ఏదీ తేలదు కద సార్. వార్మప్ ముందు చెయ్యాలా, నీళ్లు ముందు తాగాలా అన్నది కూడా మమ్మల్నే అడుగుతారు. ఇదొక్కటే మీరు ఎవర్నీ అడక్కుండా చెప్పారు. అంత గట్టిగా చెప్పారంటే అదే నిజమనుకున్నా. నా కాలే తప్పనుకున్నా."

బస్సొస్తోందని వాళ్లమ్మ గేటు దగ్గర్నుంచి కేకేసింది. మిడత బూట్లు చేత్తో పట్టుకుని, వస్తా సార్ అని చెప్పి, వట్టికాళ్లతో పరుగెత్తింది. మాస్టారు ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని కూడా తల తిప్పలేదు.